చివరి పదహారు పేజీలు

అల్లిపురం, విశాఖపట్నం,
11 ఫిబ్రవరి 1979

అక్కకి తమ్ముడు శుభాకర్ వందనాలు.

దేవుడి దయవల్ల ఒంట్లో బాగానే ఉంది. పొద్దున్న ఆదివారం ఆరాధనకి గుడికి వెళ్ళాను, కాబట్టి ఆ ప్రశ్న అడగకు. బావ డ్యూటీలు ఎలా ఉన్నాయి? గార్డు పెట్టెలో ఇంకా చలేస్తోందా? నువ్వు అల్లిన స్వెట్టరు వేసుకోమను.

ఈ కవరు బరువు చూసి కంగారుపడకు. కొత్త నవల మొదటి నాలుగు అధ్యాయాలు. పేరు ‘పంటు దాటాక’. ఎప్పటిలాగే నీ చేత్తో సాపు రాసి ప్రెస్సు గురునాథరావుగారికి ఇవ్వాలి, ఎప్పటిలాగే అట్ట మీద నీ పేరే ఉండాలి. నా పేరుతో పంపిన నవలని కట్ట విప్పకుండా తిప్పి పంపిన మనిషి, అదే నవల కింద ‘జయమణి’ అని ఉండేసరికి నెలలో అచ్చేశాడు. ఆయన్నని ఏం లాభం? ఈ రోజుల్లో ఆడపేరు లేని నవలని అద్దె పుస్తకాల షాపువాడు కూడా ముట్టుకోడు.

ఇది ఆయన కాలేజీ పిల్లల కోసం కొత్తగా పెట్టిన కిశోర గ్రంథమాలకి. ఇద్దరు కుర్రాళ్ళు, మోజెస్, వాసు. ఇంటర్ చదివే వయసు. రోజూ పంటు పడవ ఎక్కి హార్బరు కాలువ దాటి యారాడ కొండ వైపు వెళ్తుంటారు. స్నేహంతో మొదలవుతుంది గానీ ఇది స్నేహం కథ కాదు. చదివితే నీకే తెలుస్తుంది. అక్కా, నాకు పదహారేళ్ళప్పుడు ఇలాంటి పుస్తకం ఒక్కటి దొరికి ఉంటే, లోకంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడని తెలిసేది. ఇప్పుడు ఏ హాస్టల్లోనో ఎవడో ఉంటాడు. వాడి కోసం రాస్తున్నాను.

ఒక్క మనవి. అక్షరం కూడా మార్చకు. నాతో ఆరేళ్ళుగా గదిలో ఉంటున్న అర్జునరావు తెలుసుగా, పోర్టులో క్రేన్ నడుపుతాడు, క్రితం క్రిస్మస్‌కి నీకు పీతల కూర వండిపెట్టాడు. ప్రతి అధ్యాయం వాడు చదివాకే పంపుతున్నాను. ఉన్నది ఉన్నట్టు ఉంటుందని వాడికి మాటిచ్చాను.

నీ తమ్ముడు,
శుభాకర్


సత్యనారాయణపురం, విజయవాడ,
24 ఫిబ్రవరి 1979

ఒరే శుభాకర్, దీవెనలు.

నీ కవరు అంచు చిరిగి వచ్చింది. పోస్టులో ఎవరో విప్పి చదివారని నా అనుమానం. మీ బావ ‘బరువుకి చిరిగింది లేవే’ అంటారు. ఆయనకి రైలు పట్టాలు తప్పినా అనుమానం రాదు.

నాలుగు అధ్యాయాలూ ఒక్క బిగిని చదివాను. బడిలో పిల్లల కాంపోజిషన్లు దిద్దకుండా మరీ చదివాను. చదివి, కాగితాలు పక్కన పెట్టి, కాఫీ పెట్టుకుని, మళ్ళీ రెండో అధ్యాయం తీశాను. అప్పుడు తెలిసిపోయింది.

ఎవర్రా ఆ పిల్ల?

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రాశావు. వాసు అట, మగపిల్లాడట! మోజెస్ పంటు మీద నిలబడి వాడి మెడ మీద చెమట చూస్తూ గుడి గంట కూడా వినడట. వాడు మరచిపోయిన చొక్కాని పెట్టె అడుగున దాచుకుంటాడట. ఏ మగపిల్లాడు ఇంకో మగపిల్లాడి చొక్కా దాస్తాడురా? ముప్ఫయి నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తితే ఆమడ దూరం పరిగెత్తేవాడివి, ఇప్పుడు బయటపడ్డావు. ఎవరో పిల్ల ఉంది. మనవాళ్ళ పిల్ల కాదు. అందుకే లుంగీ కట్టించి వాసుని చేశావు.

నా అనుమానం ఎవరి మీదో చెప్పనా? నువ్వు భోంచేసే మెస్సు సన్యాసమ్మ కూతురు సీతాలు. క్రిస్మస్‌కి నేనొచ్చినప్పుడు నీకు రెండోసారి పప్పు వడ్డించింది, అడక్కుండానే. నేను చూశాను.

గురునాథరావు తీరు కూడా నాకు నచ్చడం లేదు. మొన్న ‘అమ్మా, ఇక్కడే కూర్చుని మీ దస్తూరీలో రెండు వాక్యాలు రాసివ్వండి, బ్లాకు చేయించి అట్ట వెనకాల వేద్దాం’ అన్నాడు. నేనే రాస్తున్నానా అని పరీక్షిస్తున్నట్టుంది. ఈసారి రాతప్రతి ఒక్క ముక్క కూడా నీ దస్తూరీలో వెళ్ళకూడదు.

అన్నట్టు స్టీలు ప్లాంటు వచ్చిందా? నాకు పెళ్ళికాక ముందు నుంచీ వస్తూనే ఉంది.

మీ అక్క,
జయమణి


అల్లిపురం,
5 మార్చి 1979

అక్కా,

పిల్ల ఎవరూ లేరు. సీతాలు అందరికీ రెండోసారి పప్పు వడ్డిస్తుంది, ఎందుకంటే పప్పులో నీళ్ళెక్కువ. ఆ పిల్ల టైపు హయ్యరు పరీక్షకి చదువుకుంటోంది, దాన్నొదిలెయ్.

వాసు వాసే. లుంగీ నేను కట్టించలేదు, వాడిదే. నువ్వు తెలుగు పంతులమ్మవి, వేలమంది పిల్లలకి పద్యాలకి అర్థాలు చెప్పావు. నేను అచ్చతెలుగులో రాసిన దానికి లేని అర్థం ఎందుకు తీస్తున్నావు? ఇంతకంటే విడమరచి ఉత్తరంలో రాయలేను. పోస్టులో విప్పుతున్నారని నువ్వే అన్నావు.

అర్జునరావు ఆరో అధ్యాయం చదివి గిన్నెలు కడిగాడు. వాకిట్లో చేతులు తుడుచుకుంటూ ‘ఈ వాసుగాడు మంచోడే బావా’ అన్నాడు. నా రెండు పుస్తకాలకి వచ్చిన పొగడ్తలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. వాళ్ళది చోడవరం దగ్గర పల్లె. పదో తరగతి తరవాత వాడు చదివిన మొదటి నవల ఇదేనట.

అయిదు, ఆరు, ఏడు అధ్యాయాలు దీంతో పంపుతున్నాను. సాపు ప్రతి ప్రెస్సుకి ఇచ్చే ముందు నాకొకసారి పంపు. చూసి తిప్పి పంపుతాను.

శుభాకర్


విజయవాడ,
22 మార్చి 1979

ఒరే తమ్ముడూ,

సాపు ప్రతి నీకెందుకురా? ఇదివరకు రెండు పుస్తకాలకీ లేని పట్టింపు దీనికెందుకొచ్చింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. పోస్టులో వెళ్ళి రావడానికి పదిహేను రోజులు. ఈలోగా గురునాథరావు ఇంకెవరి నవలో ఎక్కిస్తాడు. రాసింది రాసినట్టు ఇచ్చేశాను. రెండు ఫారాలు అప్పుడే అచ్చయ్యాయి. అతని దగ్గర సీసం అక్షరాలు చాలవు కదా, పదహారు పేజీల ఫారం అచ్చుకాగానే అక్షరాలన్నీ విప్పేసి తరవాతి దానికి వాడతాడు. ఇక వెనక్కి తిరిగేది లేదు.

నీ మీద కోపంతో ఏదీ చెయ్యనని నీకు తెలుసు. అమ్మ పోయినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. నీ తలకి నూనె రాసింది నేను. నీ మనసులో ఏముందో నీకంటే ముందు నాకే తెలుస్తుంది. నువ్వు భయపడి దాచుకునేదాన్ని నేను బయటికి తెస్తే తప్పా?

సీతాలు సంగతి మీ గుడి పాస్టరమ్మ ఆరోగ్యమ్మగారికి రాశాను. ఊరికే పిల్ల గుణగణాలు కనుక్కోమన్నాను, అంతే. నీ పేరు ఎత్తవద్దని మరీ మరీ రాశాను. వాళ్ళు హిందువులని మీ బావ సణిగారు. నేను సర్దిచెప్పాను. చూశావా, నీ కోసం ఇంటాయనతో కూడా వాదించాను.

జయమణి


అల్లిపురం,
19 ఏప్రిల్ 1979

అక్కా,

నీ ఆరోగ్యమ్మగారు నా పేరు ఎత్తలేదు. మంగళవారం పన్నెండు గంటలకి, మెస్సులో నలభై మంది తింటుండగా, వంటింట్లోకి వెళ్ళి ‘మీ అమ్మాయిని మా సంఘంలో ఒక పోర్టు క్లర్కు ఇష్టపడుతున్నాడు’ అన్నది. మా సంఘంలో పోర్టు క్లర్కులు ఎందరు? నేనొక్కణ్ణే.

సన్యాసమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. ‘ఏటి బాబూ, నాను అన్నం పెడతంటే నువ్వు నా పిల్ల మీద ఆరాలు తీయిత్తన్నావా? రేపట్నుంచి నా గుమ్మం తొక్కకు’ అంది. సీతాలుని అనకాపల్లిలో మేనత్త ఇంటికి పంపేశారు. పరీక్ష రాయనివ్వలేదు. ఆ పిల్ల ఏం పాపం చేసిందక్కా? నీ అనుమానం ఆ పిల్ల పరీక్షని మింగేసింది.

ఇప్పుడు నాక్కూడా ఒక అనుమానం పట్టుకుంది. ‘రాసింది రాసినట్టు ఇచ్చేశాను’ అన్నావు. ఎవరు రాసింది? నేను రాసిందా, నువ్వు రాసిందా? నాలుగు రోజులుగా ఆ వాక్యమే తిరగేస్తున్నాను. బైబిలు మీద చెయ్యి వేసి రాయి. ఏమైనా మార్చావా?

చివరి అధ్యాయం త్వరలో పంపుతాను. రెండు పూటలా అర్జునరావే వండుతున్నాడు. వాడికి షిఫ్టు అయ్యాక వంట. నాకు సిగ్గేస్తోంది.

శుభాకర్


విజయవాడ,
26 మే 1979

ఒరే శుభాకర్,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. కామెర్లు. కళ్ళు పసుపుముద్దల్లా అయ్యాయి. పొద్దున్నే నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తున్నారు, ఉప్పులేని పథ్యం. నీ చివరి కవరు వచ్చిన రోజే మంచం ఎక్కాను. అదే వారం తుఫాను. మీ బావకి ఊపిరాడని డ్యూటీలు. కవరు విప్పకుండా దారిలోనే ప్రెస్సులో పడేసి వెళ్ళారట. నాకు మూడు రోజుల తరవాత చెప్పారు. దస్తూరీ చూసి గురునాథరావు అడిగితే, ‘మా ఆవిడ చెబుతుంటే తమ్ముడు రాశాడు’ అని ఈయన సమాధానం చెప్పారట. జన్మలో మొదటిసారి సమయానికి అబద్ధం ఆడారు.

ప్రూఫులు నేనే చూస్తానని కబురు పెట్టాను. నాకు లేవడం ఎప్పటికవుతుందో.

సీతాలు విషయంలో పొరపాటు జరిగింది. ఒప్పుకుంటున్నాను. సన్యాసమ్మకి క్షమాపణ ఉత్తరం రాశాను. బైబిలు మీద చెయ్యి వెయ్యమన్నావు. దిండు కిందే ఉంది గానీ చెయ్యి లేవడం లేదు.

జయమణి


విజయవాడ,
16 జులై 1979

తమ్ముడూ,

పుస్తకం వచ్చేసింది! విడిగా బుక్ పోస్టులో రెండు కాపీలు పంపాను. నూట ఇరవై ఎనిమిది పేజీలు. అట్ట మీద పంటు, సముద్రం, గాలికి ఎగిరే ఓణీ. ఒళ్ళు తేలిక పడింది. బడికి వెళ్తున్నాను. చదివే ఓపిక ఇంకా లేదు. నిదానంగా చదువుతాను.

ఇప్పుడు చెప్తాను, కోప్పడకు. వాసుని వసంతని చేశాను. సాపు రాస్తున్నప్పుడు మొదటి పేజీ నుంచే చేశాను. వాడు వచ్చాడు అన్నచోట ఆమె వచ్చింది, చొక్కా అన్నచోట ఓణీ. ఎంత హాయిగా కుదిరిందో! నువ్వు లోకానికి భయపడి ఆ పిల్ల ముఖం కప్పేశావు. నేను ముసుగు తీశాను. సీతాలు కాకపోతే ఇంకెవరో. ఆమె ఎవరైనా, ఏ కులమైనా, ఈ పుస్తకం చేత్తో పట్టుకుని ‘ఇది నువ్వే’ అని చెప్పు. నేను నీ వెనక ఉన్నాను.

చివరి కట్ట ఒక్కటీ నా చేతిలో పడలేదు, ప్రూఫులూ నేను మంచం దిగకముందే అయిపోయాయి. ప్రెస్సువాళ్ళు చూసి సరిచేసే ఉంటారు.

మీ అక్క,
జయమణి


అల్లిపురం,
2 ఆగస్టు 1979

జయమణక్కకి,

ఇక విడమరచే రాస్తాను. విప్పేవాళ్ళు విప్పుకోనీ.

వాసు అంటే అర్జునరావు. మోజెస్ నేను. ముసుగులు లేవు, పిల్ల లేదు, ఎప్పుడూ లేదు. ఆరేళ్ళుగా నేను వాడితో బతుకుతున్నాను. నువ్వు నీ ఇంట్లో బావతో ఎలాగో అలాగ. దీనికి మన భాషలో మర్యాదైన మాట నాకు తెలియదు. తెలిసిన మాటలన్నీ తిట్లే. అందుకే నూట ఇరవై ఎనిమిది పేజీలు రాయాల్సివచ్చింది.

పార్సిలు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. వాడే విప్పాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ వాకిట్లో వేసుకుని చదవడానికి కూర్చున్నాడట, పక్కింటి జోగమ్మ చెప్పింది. నేను వచ్చేసరికి పుస్తకం గూట్లో ఉంది. నలభయ్యో పేజీ దగ్గర అగ్గిపుల్ల పెట్టి ఉంది. వాడు బట్టలు సర్దుకుంటున్నాడు.

‘నన్ను ఆడపిల్లని సేసినావేటి బావా’ అన్నాడు. ‘నానంటే నీకు అంత సిగ్గా? సిగ్గయితే రాయొద్దు. నానేటి రాయమని అడిగినానా? నువ్వే ఉన్నది ఉన్నట్టు అన్నావు.’

మా అక్క చేసిందని చెప్పాను. నమ్మలేదు. ‘అట్ట మీద పేరు మీ యక్కది, లోపల రాత మీ యక్కది, మరి నువ్వెక్కడున్నావు ఇందులో?’ అన్నాడు. పుస్తకం తిరగేసి, చివర్లో నేను రాసింది రాసినట్టే ఉందని, ఒక్కసారి చూడమని బతిమాలాను. చూడలేదు. ఫిషింగ్ హార్బరు దగ్గర వాళ్ళ అన్న త్రినాథరావు ఇంటికి వెళ్ళిపోయాడు. డ్యూటీలో ఎదురైతే క్రేన్ మీద నుంచి తల తిప్పుకుంటున్నాడు.

అవును, చివరి ఫారం మారలేదు. బావ కవరు విప్పలేదు. ప్రెస్సులో పొల్లులూ ఒత్తులూ చూశారు గానీ కథ చూడలేదు. నూట పన్నెండో పేజీ దాకా వసంత, నూట పదమూడు నుంచి వాసు. ఓణీ వేసుకుని పంటు ఎక్కిన మనిషి చొక్కాతో దిగుతుంది. ఆఫీసులో చదివినవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వనీ. నాకు వాడొక్కడు నవ్వకపోతే చాలు అనుకున్నాను, వాడు అసలు మాట్లాడటమే మానేశాడు.

శుభాకర్


విజయవాడ,
20 ఆగస్టు 1979

శుభాకర్,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. మీ బావ చూడకూడదని.

ఒక్క సంగతి అడుగుతాను. పుస్తకం మీద ఎవరి పేరుంది? నాది. జయమణి, తెలుగు పండిట్, బాలికల పాఠశాల. ఇలాంటిది రాస్తున్నానని నాతో ఒక్క మాట చెప్పావా? ‘చదివితే నీకే తెలుస్తుంది’ అన్నావు. నాకు తెలియదని తెలిసే నా పేరు వాడుకున్నావని ఇప్పుడు నా అనుమానం. నీ బతుకు నా పేరు కింద దాచుకున్నావు. నేను ఒక పిల్ల ఓణీ కప్పితే నీకంత బాధ కలిగింది, నువ్వు నిలువునా నన్ను కప్పుకున్నావు కదా? రేపు మా హెడ్‌మిస్ట్రెస్ పిలిచి అడిగితే ఏం చెప్పను? ఊళ్ళో ఎవరికైనా తెలిస్తే పోలీసులు రారా? క్రిస్మస్‌కి నేను తిన్న పీతల కూర కూడా ఇప్పుడు వేరుగా గుర్తొస్తోంది. నా ముందే అంతా జరుగుతోంది, నాకొక్కదానికే తెలియలేదు.

కొన్నాళ్ళు నాకు రాయకు.

జయమణి


విజయవాడ,
14 అక్టోబరు 1979

శుభాకర్‌కి,

రాయవద్దన్నదాన్ని నేనే రాస్తున్నాను. గురునాథరావు మొన్న సంచీ పంపాడు. పుస్తకానికి వచ్చిన పాఠకుల ఉత్తరాలు, ముప్ఫయి ఒకటి. అన్నీ ‘శ్రీమతి జయమణిగారికి’ అని. చాలామంది తిట్టారు. ‘అమ్మా, రాసేటప్పుడు నిద్రపోయారా?’ అని కాకినాడ నుంచి ఒకాయన. ‘చివర్లో వసంత ఏమైంది, వాసు ఎవరు, అన్నయ్యా?’ అని ఒక ఇల్లాలు. నవ్వుకుంటూ పక్కన పెడుతున్నాను.

ఇరవయ్యో ఇరవై ఒకటో ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది. పార్వతీపురం నుంచి, హాస్టలు పిల్ల. చిట్టమ్మ అని సంతకం. ఇంటర్ రెండో సంవత్సరమట. నోటుబుక్కు చింపిన కాగితం మీద ఆరు వాక్యాలు. ఎత్తి రాస్తున్నాను.

‘అమ్మగారికి నమస్కారాలు. మా లెక్చరరు ఆఖరి పదహారు పేజీలు అచ్చుతప్పు అన్నారు. నాకు అలా అనిపించలేదు. మొదటి నూట పన్నెండు పేజీలే తప్పు, ఆఖరివే మీరు రాసినవి అనిపించింది. ఎందుకంటే నేనూ, నా గదిలో ఉండే తవిటమ్మా కూడా అలాగే ఉంటాం, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఏది తప్పో ఏది ఒప్పో ఒక్క ముక్క రాస్తే మీకు పుణ్యముంటుంది.’

ఆ పిల్లకి ఎవరు చెప్పార్రా? ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెప్పే నాకు నూట పన్నెండు పేజీల్లో పట్టుబడనిది, ఆ పిల్లకి పదహారు పేజీల్లో ఎలా దొరికింది? అప్పుడు తీశాను. జులై నుంచి బీరువాలో పడి ఉన్న పుస్తకం తీసి, నా చెయ్యి పడని ఆ పదహారు పేజీలూ చదివాను. మోజెస్ పంటు దిగి వాసు కోసం నిలబడతాడే, జనం అంతా వెళ్ళిపోయాక కూడా నిలబడతాడే, అక్కడ ఏడ్చాను. తరవాత మొదటి నుంచి చదివాను, నేను రాసింది. సినిమాలా ఉంది. ఓణీ ఎగిరిన ప్రతిచోటా నువ్వు రాసినదాన్ని చంపేశానని తెలిసింది.

నాకు అంతా అర్థమైపోయిందని అబద్ధం చెప్పను. నాకింకా భయంగానే ఉంది. ప్రార్థనలో నీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఏమడగాలో తెలియక ఆగిపోతున్నాను. కానీ నీ తలకి నూనె రాసిన చేత్తోనే నీ గొంతు నొక్కాను. అది మాత్రం నాకు తెలుసు. క్షమించరా.

ఇక అసలు సంగతి. గురునాథరావు దగ్గర ఇంకా అమ్మాల్సిన పుస్తకాలు ఉన్నాయి. ‘చివరి ఫారానికి తప్పొప్పుల పట్టిక రాసివ్వండమ్మా, చీటీ అచ్చేసి లోపల అంటిస్తాం’ అన్నాడు. రాసిచ్చాను. చదివి కళ్ళజోడు తీసేశాడు. ‘ఇదేంటమ్మా, తప్పు చివర్లో ఉంటే మొదలంతా దిద్దమంటారు?’

‘రచయిత్రిని నేనండీ. నా పుస్తకంలో ఏది తప్పో ఏది ఒప్పో నాకు తెలియదా?’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నా వంక అనుమానంగా చూశాడు. ఆయన కూడా పట్టేశాడేమో అనుకున్నాను. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ‘అంటే ఇద్దరూ మగపిల్లలేనా? స్నేహం కథన్నమాట. మంచిదే. ప్రేమకథలంటే గ్రంథాలయంవాళ్ళు ముఖం చిట్లిస్తారు. మగపిల్లల స్నేహమంటే కళ్ళు మూసుకుని తీసుకుంటారు’ అని కంపోజింగుకి పంపేశాడు. మనిషి కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకపోవడంలో నాకంటే ఘనుడు ఇంకొకడున్నాడని ధైర్యం వచ్చింది.

చీటీలు ఈ కవర్లో పెట్టాను. ఒకటి పార్వతీపురం పంపాను. చిట్టమ్మకి రెండు ముక్కలు కూడా రాశాను: ‘నువ్వు చెప్పిందే ఒప్పు. ఇది మా తమ్ముడు శుభాకర్ రాశాడు.’ నా పేరు కింద నీ పేరు రాయడం అదే మొదటిసారి.

అక్క


అల్లిపురం,
4 నవంబరు 1979

అక్కా,

నీ కవరు వచ్చి పదిహేను రోజులైంది. నేను కూడా అనుమానించాను, అందుకే ఆలస్యం. ఆ చీటీ నన్ను ఓదార్చడానికి ఒకటి రెండు వేయించావేమోనని, డాబాగార్డెన్స్‌లో పుస్తకాల షాపుకి వెళ్ళి ‘పంటు దాటాక’ అడిగాను. కొత్త కట్టలో కాపీ తీసిచ్చాడు. అట్ట లోపల అంటించి ఉంది. నిలబడి చదువుకున్నాను:

‘తప్పొప్పుల పట్టిక. ఈ పుస్తకంలో ఒకటవ పేజీ నుంచి నూట పన్నెండవ పేజీ వరకు వసంత అని ఉన్న ప్రతిచోటా వాసు అని, ఆమె అన్నచోట అతను అని, ఓణీ అన్నచోట చొక్కా అని పాఠకులు దయతో దిద్దుకుని చదువుకోవలెను. తప్పు మాది. కడపటి పదహారు పేజీలలో తప్పులేవీ లేవు.’

షాపువాడు ‘ఇన్ని తప్పులున్న పుస్తకం ఎందుకు సార్, ఇంకోటి తీసుకోండి’ అన్నాడు.

ఆ చీటీ తీసుకుని త్రినాథరావు ఇంటికి వెళ్ళాను. అర్జునరావు అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. ఇవ్వడానికి భయమేసింది. పక్కన పెట్టి వచ్చేశాను. ఎనిమిది రోజులు ఏ కబురూ లేదు. నేను అన్నం సరిగ్గా తినలేదని జోగమ్మ నీకు రాస్తుందేమో, నమ్మకు.

ఇవాళ గుడి నుంచి వచ్చేసరికి గది తలుపు తీసి ఉంది. వాడి పెట్టె లేదు, బట్టలు లేవు, వాడు మాత్రం ఉన్నాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పుస్తకం, చేతిలో నా ఎర్ర సిరా పెన్ను. నావైపు చూడలేదు. పేరు పేరునా కొట్టేస్తున్నాడు. ఒక్కొక్క వసంతనీ అడ్డంగా గీసి, పైన వాసు అని గుండ్రంగా రాస్తున్నాడు, పదో తరగతి పిల్లాడి దస్తూరీ. ఒక వాక్యం దిద్దడం, పెదవులు కదుపుతూ చదువుకోవడం, తరవాతి వాక్యం.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తలెత్తకుండానే అన్నాడు:

‘మీ యక్క బలే రాసింది బావా, ఒక్కటీ వదల్లేదు. ఇయ్యన్నీ దిద్దాలంటే నెల్లాళ్ళు పడతాది. పెన్నులో సిరా అయిపోతంది. సీసా ఎక్కడెట్టినావు?’

శుభాకర్